అమెరికా హైస్కూళ్లలో దేశ చరిత్ర తరగతి

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో తొమ్మిదో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా సాగే నాలుగేళ్ల చదువును హైస్కూలు అంటారు. ఈ నాలుగేళ్లలో ఒక ఏడాది, ఎక్కువ చోట్ల పదకొండో తరగతిలో, విద్యార్థులు తమ దేశ చరిత్రను ప్రత్యేక పాఠ్యాంశంగా చదువుతారు. అత్యధిక రాష్ట్రాల్లో ఇది పూర్తి చేయనిదే హైస్కూలు పట్టా రాదు. సంఘటనలు, తేదీలు, పేర్లు తెలియడం ఈ తరగతిలో మొదటి మెట్టు. ఒక సంఘటన ఎందుకు జరిగింది, దానివల్ల ఏం మారింది, అలా అనడానికి రుజువేమిటి అన్న ప్రశ్నలకు రాతపూర్వకంగా సమాధానం చెప్పడం రెండో మెట్టు. మార్కులు ఎక్కువగా ఈ రెండో మెట్టు మీదే ఆధారపడి ఉంటాయి. ఏ చరిత్రను, ఎవరి వైపు నుంచి, ఎంత వివరంగా బోధించాలన్న విషయంపై నూరేళ్లకు పైగా ఆ దేశంలో వాదం నడుస్తూనే ఉంది. అందుచేత ఈ తరగతి గది అమెరికా ప్రజాజీవితానికి ఎప్పుడూ దగ్గరగానే ఉంటుంది.

చారిత్రక నేపథ్యం

పంతొమ్మిదో శతాబ్దపు చివరి వరకు అమెరికా హైస్కూళ్లలో చరిత్రకు స్థిరమైన చోటు లేదు. లాటిన్, గ్రీకు, గణితాలదే పైచేయి. 1892లో జాతీయ విద్యా సంఘం హార్వర్డ్ విశ్వవిద్యాలయ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ నాయకత్వంలో పదిమంది సభ్యుల సంఘాన్ని నియమించింది. చరిత్ర బోధనపై ఆ సంఘం ఏర్పాటు చేసిన సమావేశం విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో జరిగింది. తర్వాతి కాలంలో దేశాధ్యక్షుడైన వుడ్రో విల్సన్ అప్పటికి ఆచార్యుడు. ఆయన కూడా అందులో సభ్యుడు. కంఠతా పట్టించే పద్ధతిని ఆ సమావేశం గట్టిగా విమర్శించింది. విద్యార్థి ఆలోచనాశక్తిని పెంచేలా చరిత్ర చెప్పాలని కోరింది.

1899లో అమెరికా చరిత్రకారుల సంఘం తరఫున ఏడుగురు సభ్యుల సంఘం నాలుగేళ్ల క్రమాన్ని సూచించింది. ప్రాచీన చరిత్ర, మధ్యయుగ, ఆధునిక యూరప్ చరిత్ర, ఇంగ్లండ్ చరిత్ర, చివరి ఏడాది అమెరికా చరిత్ర, పౌరపాలన అన్నవి ఆ నాలుగు భాగాలు. 1916లో జాతీయ విద్యా సంఘం నియమించిన మరో సంఘం చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రాలను సాంఘిక శాస్త్రం అనే ఒకే గొడుగు కిందికి తెచ్చింది. మంచి పౌరుణ్ని తయారుచేయడమే దీని లక్ష్యమని ప్రకటించింది. నేటి పాఠశాలల్లో కనిపించే విభజనకు పునాది అదే.

పిల్లలకు చరిత్ర రావడం లేదన్న ఆవేదన కూడా అప్పటినుంచీ ఉంది. 1917లో జె. కార్ల్టన్ బెల్, డేవిడ్ మెకల్లమ్ అనే పరిశోధకులు టెక్సాస్ విద్యార్థులను పరీక్షించి నిరాశపడ్డారు. 1943లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక కళాశాలల్లో కొత్తగా చేరిన విద్యార్థులపై సర్వే జరిపి అదే మాట రాసింది. 2022లో ఎనిమిదో తరగతి విద్యార్థులకు జరిపిన జాతీయ మదింపులో ప్రావీణ్య స్థాయిని అందుకున్నవారు 13 శాతమే. తరాలు మారినా ఫలితం ఇలాగే ఉన్నప్పుడు పిల్లలను నిందించి లాభం లేదు. విడి విషయాలను గుర్తుపెట్టుకోమని అడిగి, వాటిని కలిపే దారం ఇవ్వని బోధన వైపు చూడాలి.

నిర్ణయాధికారం

అమెరికా రాజ్యాంగంలో విద్య ప్రస్తావన లేదు. పదో సవరణ ప్రకారం కేంద్రానికి అప్పగించని అధికారాలు రాష్ట్రాలవి లేదా ప్రజలవి. అందువల్ల దేశమంతటికీ ఒకే పాఠ్యప్రణాళిక గానీ ఒకే పాఠ్యపుస్తకం గానీ లేవు. ప్రతి రాష్ట్రం తన ప్రమాణాలను తానే రాసుకుంటుంది. వాటికి లోబడి సుమారు 13,000 స్థానిక పాఠశాల డిస్ట్రిక్టులు పుస్తకాలు, కోర్సులు ఎంచుకుంటాయి. చివరకు తరగతి గదిలో ఏ పాఠానికి ఎన్ని రోజులన్నది చాలావరకు ఉపాధ్యాయుల చేతిలో ఉంటుంది.

ఈ తేడాలు చిన్నవి కావు. టెక్సాస్‌లో ఎనిమిదో తరగతి 1877 వరకు చెబుతుంది. హైస్కూలు కోర్సు 1877 నుంచి నేటివరకు సాగుతుంది. కాలిఫోర్నియాలోనూ పదకొండో తరగతి ప్రధానంగా ఇరవయ్యో శతాబ్దం మీద నిలుస్తుంది. న్యూయార్క్‌లో పదకొండో తరగతి కోర్సు పేరే అమెరికా చరిత్ర, ప్రభుత్వం; వలసరాజ్యాల కాలం నుంచి వర్తమానం దాకా అంతా ఒకే ఏడాదిలో వస్తుంది. కుటుంబం ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి మారితే పిల్లలు ఒక యుగాన్ని రెండుసార్లు చదవవచ్చు, లేదా ఒక యుగం పూర్తిగా తప్పిపోవచ్చు.

కోర్సు పరిమాణాన్ని క్రెడిట్లతో కొలుస్తారు. 1906లో కార్నెగీ ఫౌండేషన్ స్థిరపరచిన లెక్క ప్రకారం ఒక పాఠ్యాంశంలో ఏడాదికి 120 గంటల తరగతి ఒక యూనిట్, అదే ఒక క్రెడిట్. పాఠశాల ఏడాది సుమారు 180 రోజులు. కొన్ని బడులలో రోజూ ముప్పావు గంట నుంచి గంట లోపు తరగతి ఉంటుంది. బ్లాక్ పద్ధతి పాటించే బడులలో రోజు విడిచి రోజు గంటన్నర తరగతి ఉంటుంది.

స్థాయిలు కూడా వేర్వేరు. సాధారణ తరగతి, ఆపైన ఆనర్స్ తరగతి, ఆపైన కళాశాల స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ తరగతి ఉంటాయి. కొన్ని బడులలో ఇంటర్నేషనల్ బాకలారియేట్ వారి అమెరికాల చరిత్ర కోర్సు, మరికొన్నింట దగ్గరలోని కమ్యూనిటీ కాలేజీతో కలిసి నడిపే ఉమ్మడి కోర్సు దొరుకుతాయి.

పాఠ్యక్రమం

యూరోపియన్లు రాకముందే ఉత్తర అమెరికా ఖండంలో వందలాది ఆదివాసీ జాతులు, భాషలు, వ్యవసాయ పద్ధతులు, వర్తక మార్గాలు ఉన్నాయన్న గుర్తింపుతో నేటి సమగ్ర కోర్సులు మొదలవుతాయి. తర్వాత ఇంగ్లిషు వలసరాజ్యాలు, 1607లో జేమ్స్‌టౌన్, 1619లో వర్జీనియాకు చేరిన ఆఫ్రికన్ బందీలు, న్యూ ఇంగ్లండ్ ప్యూరిటన్ల స్థావరాలు వస్తాయి. విప్లవ కాలంలో 1765 నాటి స్టాంపు చట్టం నుంచి 1776 స్వాతంత్ర్య ప్రకటన మీదుగా 1787 ఫిలడెల్ఫియా రాజ్యాంగ సభ దాకా వరుసగా చదువుతారు. రాజ్యాంగాన్ని ఆమోదించాలా వద్దా అన్న వాదంలో ఇరుపక్షాల రచనలూ పాఠంలో ఉంటాయి.

పంతొమ్మిదో శతాబ్దంలో పశ్చిమానికి విస్తరణ, 1830 నాటి ఆదివాసీల తరలింపు చట్టం, పత్తి సాగుతో బలపడిన బానిసత్వం, దాని నిర్మూలన కోసం సాగిన ఉద్యమం, 1848లో సెనెకా ఫాల్స్ మహిళా సమావేశం ముఖ్యాంశాలు. 1861 నుంచి 1865 వరకు సాగిన అంతర్యుద్ధం ఏడాది మధ్యలో వస్తుంది. ఆ వెంటనే పునర్నిర్మాణ కాలం, రైలుమార్గాలు, ఉక్కు, చమురు సామ్రాజ్యాలు, కార్మిక సమ్మెలు, లక్షలాది వలసదారులు, నగరాల పెరుగుదల వస్తాయి.

ఇరవయ్యో శతాబ్దపు పాఠాలు సంస్కరణ యుగంతో మొదలవుతాయి. మొదటి ప్రపంచయుద్ధం, 1920లో మహిళలకు ఓటుహక్కు ఇచ్చిన పంతొమ్మిదో సవరణ, 1929 స్టాక్ మార్కెట్ పతనం, మహామాంద్యం, ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ న్యూడీల్, రెండో ప్రపంచయుద్ధం, ప్రచ్ఛన్నయుద్ధం, పౌరహక్కుల ఉద్యమం, వియత్నాం, వాటర్‌గేట్ క్రమంగా వస్తాయి. రీగన్ కాలం, 2001 సెప్టెంబరు 11 దాడులు, ఆ తర్వాతి ఘటనలు ఏడాది చివర మిగిలిన రోజుల్లో ఇరుక్కుంటాయి. విద్యార్థి రేపు ఓటు వేయబోయే లోకానికి అతి దగ్గరి కాలం మీదే అతి తక్కువ సమయం గడుస్తుంది. ఈ కోర్సు నిర్మాణంలో ఉన్న పెద్ద లోపం ఇది.

ఇంత విస్తారమైన కథనాన్ని కొన్ని ప్రశ్నలు కలిపి ఉంచుతాయి. స్వేచ్ఛ ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు? కేంద్రానికి ఎంత అధికారం ఉండాలి? వలస వచ్చినవారిని దేశం ఎలా చూసింది? ప్రపంచ వ్యవహారాల్లో అమెరికా ఎప్పుడు తలదూర్చింది, ఎప్పుడు తప్పుకుంది? మంచి ఉపాధ్యాయులు ఈ ప్రశ్నలను ఏడాది మొదటి వారంలోనే గోడమీద రాసి, ప్రతి పాఠం చివర వాటి దగ్గరికే వస్తారు.

తరగతి నియమాలు, మార్కుల లెక్క

ఆగస్టు చివరనో సెప్టెంబరు మొదట్లోనో బడి తెరవగానే ఉపాధ్యాయులు సిలబస్ పత్రం ఇస్తారు. కోర్సులో ఏముంటుంది, ఏ పనికి ఎన్ని మార్కులు, ఆలస్యమైతే ఎంత కోత, సెలవు పెట్టినవారు తప్పిన పరీక్షను ఎన్నాళ్లలో రాయాలి, ఫోన్ల సంగతేమిటి అన్నవన్నీ అందులో ఉంటాయి. చాలా బడులలో విద్యార్థితోపాటు తల్లిదండ్రులు కూడా దానిమీద సంతకం చేసి పంపాలి. ఆ తర్వాత నియమం తెలియదన్న మాట చెల్లదు.

మార్కులు ఏడాది పొడవునా పోగవుతాయి. యూనిట్ పరీక్షలు, చిన్న క్విజ్‌లు, వ్యాసాలు, ప్రాజెక్టులు, హోంవర్క్, తరగతి చర్చలో పాల్గొనడం అనే వర్గాలకు వేర్వేరు శాతాలు కేటాయిస్తారు. సాధారణంగా పరీక్షలకు, రాత పనికి పెద్ద వాటా ఉంటుంది. 90కి పైన వస్తే ఎ, 80కి పైన బి అన్న లెక్క విస్తృతంగా వాడుకలో ఉంది. ఈ గ్రేడ్లన్నీ కలిసి జీపీఏ అనే సగటు అవుతాయి. కళాశాలలు మొదట చూసేది దాన్నే. పై స్థాయి కోర్సులో వచ్చిన ఎ గ్రేడుకు నాలుగుకు బదులు అయిదు పాయింట్లు ఇచ్చే డిస్ట్రిక్టులు చాలా ఉన్నాయి. మార్కులు ఎప్పటికప్పుడు ఆన్‌లైన్ పోర్టల్‌లో కనిపిస్తాయి కాబట్టి తల్లిదండ్రులు రిపోర్టు కార్డు కోసం ఎదురుచూడనక్కర్లేదు.

పాఠం వినేటప్పుడు నోట్సు రాసుకోవడం కూడా నేర్పే విద్యే. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన వాల్టర్ పాక్ రూపొందించిన పద్ధతి ఎక్కువ ప్రచారంలో ఉంది. కాగితం కుడివైపు వివరాలు, ఎడమవైపు ప్రశ్నలు, అడుగున రెండు మూడు వాక్యాల సారాంశం రాస్తారు. వారానికి ఒక అధ్యాయం చదివి ఇలా నోట్సు తీయడం సాధారణ హోంవర్క్. పై స్థాయి తరగతుల్లో చదవాల్సింది ఇంకా ఎక్కువ.

నిజాయతీ విషయంలో నియమాలు కఠినంగా ఉంటాయి. ఇతరుల వాక్యాలను మూలం చెప్పకుండా వాడితే ఆ పనికి సున్నా పడవచ్చు, విషయం ఇంటికి తెలియవచ్చు, రికార్డులోకి ఎక్కవచ్చు. కృత్రిమ మేధ సాధనాలు అందుబాటులోకి వచ్చాక చాలామంది ఉపాధ్యాయులు వ్యాసాలను తరగతిలోనే, చేతిరాతతో రాయిస్తున్నారు. ఎక్కడ ఆ సాధనం వాడవచ్చో, ఎక్కడ వాడకూడదో సిలబస్‌లోనే స్పష్టం చేస్తున్నారు.

వైకల్యం ఉన్న విద్యార్థులకు, ఇంగ్లిషు ఇంకా నేర్చుకుంటున్నవారికి అదనపు సమయం, సరళమైన పఠన పత్రాలు, ప్రత్యేక ఉపాధ్యాయుల సాయం వంటి ఏర్పాట్లు చట్టప్రకారం లభిస్తాయి. అడగడానికి మొహమాటపడి ఈ హక్కును వదులుకునే వలస కుటుంబాలు కూడా ఉన్నాయి. అలా వదులుకోవలసిన అవసరం లేదు.

ఆధారపత్రాలతో పని

ఈ తరగతిని ఇతర పాఠ్యాంశాల నుంచి వేరుచేసేది ప్రాథమిక ఆధారాల పఠనం. ఆ కాలంలో బతికినవారు రాసిన ఉత్తరం, దినచర్య, ప్రసంగం, చట్టం, కోర్టు తీర్పు, వ్యంగ్యచిత్రం, ఫొటో అన్నీ ప్రాథమిక ఆధారాలే. ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో ప్రచురించిన ఆత్మకథ, లింకన్ 1863లో గెటిస్‌బర్గ్‌లో చేసిన ప్రసంగం, జేకబ్ రీస్ న్యూయార్క్ మురికివాడల్లో తీసిన ఫొటోలు, డొరొతియా లాంజ్ 1936లో తీసిన వలస తల్లి చిత్రం, మార్టిన్ లూథర్ కింగ్ 1963లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన లేఖ దేశమంతటా తరగతుల్లో కనిపిస్తాయి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, జాతీయ అభిలేఖాగారం లక్షలాది పత్రాలను ఉచితంగా ఆన్‌లైన్‌లో ఉంచడంతో మారుమూల బడికి కూడా ఇవి అందుతున్నాయి.

ఈ పఠనాన్ని నేర్పే పద్ధతిపై విశేషంగా కృషి చేసినవారు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేసిన శామ్ వైన్‌బర్గ్. 1991లో ప్రచురించిన అధ్యయనంలో ఆయన ఎనిమిదిమంది చరిత్రకారులకు, ఎనిమిదిమంది హైస్కూలు విద్యార్థులకు విప్లవ కాలం నాటి లెక్సింగ్టన్ పోరాటం గురించిన పత్రాలు ఇచ్చి, చదువుతూ ఏమనుకుంటున్నారో పైకి చెప్పమన్నారు. చరిత్రకారులు ముందుగా ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎందుకు రాశారు అని చూశారు. విద్యార్థులు తిన్నగా విషయంలోకి దిగిపోయారు. అన్నిటికన్నా నమ్మదగినది పాఠ్యపుస్తకమేనన్నారు. చరిత్రకారులు దాన్నే అట్టడుగున పెట్టారు.

ఆ అధ్యయనం నుంచి పుట్టిన పాఠాలు ఇప్పుడు వేల తరగతుల్లో నడుస్తున్నాయి. లెక్సింగ్టన్ పాఠమే తీసుకుంటే, 1775 ఏప్రిల్ 19 ఉదయం మొదటి తూటా ఎవరు పేల్చారన్నది ప్రశ్న. బ్రిటిష్ అధికారి జాన్ బార్కర్ దినచర్య ప్రకారం ఎదుటివారే ముందు కాల్చారు. స్థానిక సేనకు చెందినవారు ఆరు రోజుల తర్వాత ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలం ప్రకారం తాము చెదిరిపోతుండగా సైనికులు వెనుకనుంచి కాల్చారు. విద్యార్థి రెండు సాక్ష్యాలనూ న్యాయమూర్తి విన్నట్టు వినాలి. దినచర్య సొంతానికి రాసుకున్నది. వాంగ్మూలం లోకానికి చూపడానికి ఇచ్చినది. ఏది ఎంతవరకు నమ్మాలి? రెండూ కలిసే చోటేది? తీర్పు ఏదైనా, కారణం చెప్పగలిగితేనే మార్కు.

రాత పని

హైస్కూలు చరిత్ర వ్యాసానికి స్పష్టమైన నిర్మాణం ఉంది. మొదటి పేరాలో నేపథ్యం చెప్పి, వాదించబోయే ప్రతిపాదనను ఒకటి రెండు వాక్యాల్లో పెట్టాలి. తర్వాతి పేరాల్లో ఒక్కోదానికి ఒక్కో ఆధారం చూపి, అది ప్రతిపాదనను ఎలా బలపరుస్తుందో వివరించాలి. ఎదురువాదాన్ని గుర్తించి దానికి జవాబివ్వాలి. ఆధారం ఉదహరించి వివరణ ఇవ్వకుండా వదిలేయడం విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు. మార్కులు ఎక్కువగా పోయేది అక్కడే.

తరచుగా అడిగే ప్రశ్న ఒకటి చూడవచ్చు: అంతర్యుద్ధం తర్వాతి పునర్నిర్మాణం ఎంతవరకు విఫలమైంది? పునర్నిర్మాణం విఫలమైంది అని రాస్తే అది ప్రతిపాదన కాదు, ప్రశ్నను తిరిగి రాయడమే. బానిసత్వాన్ని రద్దుచేసిన పదమూడో సవరణ, పౌరసత్వాన్నీ చట్టం ముందు సమానత్వాన్నీ ఇచ్చిన పద్నాలుగో సవరణ, జాతి కారణంగా ఓటును నిరాకరించరాదన్న పదిహేనో సవరణ 1865, 1870 మధ్య వచ్చాయి. 1870లో మిసిసిపీ నుంచి హైరమ్ రెవెల్స్ సెనేట్‌లో అడుగుపెట్టిన మొదటి నల్లజాతి సభ్యుడయ్యారు. మరోవైపు 1873లో లూసియానాలోని కోల్‌ఫాక్స్‌లో నల్లజాతివారి ఊచకోత జరిగింది. 1877లో కేంద్ర సైన్యం దక్షిణాదిలోని పునర్నిర్మాణ ప్రభుత్వాలను కాపాడే పని నుంచి తప్పుకుంది. ఆపై నల్లజాతివారి ఓటుహక్కును ఆచరణలో లాగేసుకున్నారు. చట్టాల్లో శాశ్వతమైన మార్పు తెచ్చినా, వాటిని అమలుచేసే సంకల్పం కేంద్రానికి సన్నగిల్లడంతో ఆ మార్పు దాదాపు శతాబ్దం పాటు కాగితానికే పరిమితమైందని రాస్తే అది వాదన. ఎవరైనా కాదనగలిగేది, ఆధారంతో నిలబెట్టగలిగేది వాదన.

ఈ అంశంపై చరిత్రకారుల అభిప్రాయం మారిన తీరు కూడా పై స్థాయి తరగతుల్లో చెబుతారు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు విలియం డన్నింగ్ శిష్యులు పునర్నిర్మాణాన్ని దక్షిణాదిపై జరిగిన అన్యాయంగా రాశారు. 1935లో డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ తన గ్రంథంలో దాన్ని ఖండించి, విముక్తులైన నల్లజాతి ప్రజలే ఆ కాలపు చరిత్రను నడిపారని వాదించారు. 1988లో ఎరిక్ ఫోనర్ రచన వచ్చేసరికి పాత అభిప్రాయానికి విద్యాలోకంలో చోటు లేకుండా పోయింది. పాఠ్యపుస్తకాలు చాలా ఆలస్యంగా మారాయి. కొత్త ఆధారాలు, కొత్త ప్రశ్నలు వచ్చినప్పుడు చరిత్రను తిరిగి రాయవలసి వస్తుందని పదహారేళ్ల విద్యార్థికి ఈ ఒక్క ఉదాహరణ తేటతెల్లం చేస్తుంది.

చాలా బడులలో ఏడాదికి ఒక పరిశోధన పత్రం కూడా ఉంటుంది. అంశం ఎంచుకోవడం, మూలాల పట్టిక తయారుచేయడం, చిత్తుప్రతి, తోటి విద్యార్థి చేసే సమీక్ష, తుదిప్రతి అన్న దశలకు వేర్వేరు గడువులు ఇస్తారు. ఉత్సాహమున్నవారు నేషనల్ హిస్టరీ డే పోటీకి వెళ్తారు. 1974లో క్లీవ్‌లాండ్‌లోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో మొదలైన ఈ పోటీ ఇప్పుడు స్థానిక, రాష్ట్ర, జాతీయ స్థాయుల్లో జరుగుతుంది. వ్యాసం, ప్రదర్శన ఫలకం, నాటక ప్రదర్శన, డాక్యుమెంటరీ, వెబ్‌సైట్ అనే అయిదు రూపాల్లో ఏదైనా ఎంచుకోవచ్చు.

రాష్ట్ర పరీక్షలు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్

కొన్ని రాష్ట్రాలు కోర్సు చివర తమ సొంత పరీక్ష పెడతాయి. టెక్సాస్‌లో పట్టాకు అవసరమైన అయిదు పరీక్షల్లో అమెరికా చరిత్ర ఒకటి. ఫ్లోరిడాలో రాష్ట్ర పరీక్ష కోర్సు తుది గ్రేడులో 30 శాతం. న్యూయార్క్ రీజెంట్స్ పరీక్షలో 28 బహుళైచ్ఛిక ప్రశ్నలు, రెండు చిన్న వ్యాసాలు, ఆరు పత్రాలు చదివి రాసే పౌర అవగాహన వ్యాసం ఉంటాయి. పాసు మార్కు 65. 2015లో అరిజోనా, పౌరసత్వ పరీక్షలోని 100 ప్రశ్నల్లో 60కి జవాబివ్వగలిగితేనే పట్టా ఇస్తామని చట్టం చేసిన మొదటి రాష్ట్రమైంది. ఆ తర్వాత అనేక రాష్ట్రాలు ఆ దారిలో నడిచాయి.

కాలేజ్ బోర్డు నిర్వహించే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అమెరికా చరిత్రను విద్యార్థులు ఏపుష్ అని పిలుచుకుంటారు. ఏటా నాలుగు లక్షలకు పైగా విద్యార్థులు ఈ పరీక్ష రాస్తారు. కోర్సు 1491 నుంచి నేటివరకు తొమ్మిది కాలాలుగా విభజించి ఉంటుంది. మొదటిది, చివరిది పరీక్షలో తక్కువ వాటా తీసుకుంటాయి. 1754 నుంచి 1980 దాకా ఉన్న ఆరు కాలాలదే ప్రధాన భాగం.

మే నెలలో జరిగే ఈ పరీక్ష వ్యవధి 3 గంటల 15 నిమిషాలు. 55 బహుళైచ్ఛిక ప్రశ్నలకు 55 నిమిషాలు, 40 శాతం. మూడు చిన్న జవాబులకు 40 నిమిషాలు, 20 శాతం. ఏడు పత్రాల ఆధారంగా రాసే వ్యాసానికి గంట, 25 శాతం. పత్రాలు లేకుండా సొంత పరిజ్ఞానంతో రాసే దీర్ఘ వ్యాసానికి 40 నిమిషాలు, 15 శాతం. బహుళైచ్ఛిక ప్రశ్నలు కూడా చాలావరకు ఏదో ఒక పత్రం, పటం లేదా చిత్రం చూపించి దానిమీద అడిగేవే. పత్రాల వ్యాసాన్ని 1973లో ఈ పరీక్షలోనే తొలిసారి ప్రవేశపెట్టారు. దానికి ఏడు పాయింట్లు: ప్రతిపాదనకు ఒకటి, నేపథ్యానికి ఒకటి, ఆధారాలకు మూడు, విశ్లేషణకు రెండు. ఫలితం 1 నుంచి 5 దాకా ఉంటుంది. 3 వస్తే అర్హత. మంచి ఫలితానికి చాలా కళాశాలలు క్రెడిట్ ఇస్తాయి. 2025 నుంచి పరీక్ష పూర్తిగా కంప్యూటర్ మీద జరుగుతోంది.

వివాదాలు

దేశం తనను తాను ఎలా చూసుకోవాలన్న వాదం తేలిగ్గా చరిత్ర తరగతి మీదికి వస్తుంది. 1930లలో విస్తృతంగా వాడిన హెరాల్డ్ రగ్ పాఠ్యపుస్తకాలను, అవి అమెరికా ఆర్థిక వ్యవస్థను విమర్శిస్తున్నాయన్న ఆరోపణతో, 1940ల నాటికి బడుల నుంచి తొలగించారు. 1994లో గ్యారీ నాష్ తదితరుల ఆధ్వర్యంలో తయారైన జాతీయ చరిత్ర ప్రమాణాలపై దుమారం రేగింది. 1995 జనవరిలో సెనేట్ 99 ఓట్లతో వాటిని ఖండించింది, ఒక్క ఓటు మాత్రమే వ్యతిరేకంగా పడింది. 2014లో ఏపుష్ కొత్త ప్రణాళిక దేశాన్ని ప్రతికూలంగా చూపుతోందన్న విమర్శ వచ్చింది. కొలరాడోలోని జెఫర్సన్ కౌంటీలో దాన్ని సమీక్షించాలన్న బోర్డు ప్రతిపాదనకు నిరసనగా విద్యార్థులే తరగతులు విడిచి వీధుల్లోకి వచ్చారు. మరుసటి ఏడాది కాలేజ్ బోర్డు ప్రణాళికను సవరించింది.

2019లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక బానిసత్వాన్ని దేశ చరిత్రకు కేంద్రంగా నిలిపే 1619 ప్రాజెక్టును ప్రచురించింది. దానికి ప్రతిగా ట్రంప్ ప్రభుత్వం 1776 కమిషన్‌ను నియమించింది. 2021 జనవరిలో నివేదిక వెలువడిన రెండు రోజులకే బైడెన్ ప్రభుత్వం కమిషన్‌ను రద్దుచేసింది. 2021 నుంచి టెక్సాస్, ఓక్లహోమా, టెనెసీ వంటి రాష్ట్రాలు జాతి గురించి తరగతిలో ఎలా మాట్లాడాలో నియంత్రించే చట్టాలు చేశాయి. అదే ఏడాది ఇల్లినాయ్ ఆసియన్ అమెరికన్ల చరిత్ర బోధనను తప్పనిసరి చేసిన మొదటి రాష్ట్రమైంది. ఈ ఒత్తిళ్ల మధ్య భయంతో పాఠాలను పలుచన చేసుకోవడం విద్యార్థులకు అన్యాయం. రెండు వైపుల పత్రాలనూ బల్లమీద పెట్టి చదివించే ఉపాధ్యాయుడే ఈ పరిస్థితుల్లో వారికి నిజమైన మేలు చేస్తాడు.

వలస కుటుంబాల విద్యార్థులు

అమెరికాలోని తెలుగు కుటుంబాల పిల్లలకు ఈ తరగతి పరాయి కథ కాదు. వారు అక్కడ ఎందుకు ఉన్నారన్నది ఈ పాఠాల్లోనే ఉంది. 1917 వలస చట్టం భారతదేశంతో సహా ఆసియాలో పెద్ద భాగం నుంచి వలసలను అడ్డుకుంది. 1923లో భగత్‌సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అనర్హులని తీర్పు చెప్పింది. భీమవరంలో పుట్టిన వైద్య శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు పైచదువుకు బోస్టన్ చేరింది ఆ రోజుల్లోనే. 1946 నాటి లూస్ సెల్లర్ చట్టం పౌరసత్వానికి దారి తెరిచి, ఏడాదికి వందమంది భారతీయులకు చోటిచ్చింది. జాతి మూలాలను బట్టి కోటాలు పెట్టే పద్ధతిని తొలగించింది 1965 చట్టం. అది పౌరహక్కుల ఉద్యమం తెచ్చిన వాతావరణంలో పుట్టింది. 1990 చట్టం హెచ్ 1 బి వీసాకు రూపమిచ్చింది. అమెరికా గడ్డమీద పుట్టిన పిల్లలకు పౌరసత్వం పద్నాలుగో సవరణ నుంచి, దాన్ని నిలబెట్టిన 1898 నాటి వాంగ్ కిమ్ ఆర్క్ తీర్పు నుంచి వచ్చింది. ఆ కేసు వేసింది శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన చైనా సంతతి వంటమనిషి.

హైస్కూలు మధ్యలో ఆంధ్రప్రదేశ్ నుంచో తెలంగాణ నుంచో వచ్చి చేరే పిల్లలకు ఇబ్బంది మరో రకంగా ఉంటుంది. సాంఘిక శాస్త్రం అంటే గైడులోని జవాబులు, బిట్లు నేర్చుకుని ఏడాది చివర పబ్లిక్ పరీక్ష రాయడమన్న అలవాటుతో వస్తారు. అమెరికాలో ప్రతి వారం మార్కు పడుతుంది. జవాబు ఎంత పొడుగన్నది లెక్కలోకి రాదు. వాదన, ఆధారం ఉన్నాయా అని చూస్తారు. తరగతిలో నోరు విప్పి ఉపాధ్యాయుడితో విభేదించడం అవిధేయత కాదు, ఆశించే పనే. మొదటి రెండు నెలలు తడబడినా, వాదన కట్టే పద్ధతి పట్టుబడ్డాక ఈ పిల్లలు బాగా రాణిస్తారు. గణితం, సైన్సులకు ఇచ్చే శ్రద్ధలో కొంత భాగం ఈ పాఠ్యాంశానికి ఇస్తే చాలు.

అంచనా

ఈ తరగతికి లోపాలు లేకపోలేదు. అయిదు శతాబ్దాలను పది నెలల్లో కుదించడం వల్ల లోతు తగ్గుతుంది. రాష్ట్రానికొక ప్రమాణం ఉండటంతో ఒక పిల్లవాడికి అందేది మరొకరికి అందదు. రాజకీయ ఒత్తిడి ఉపాధ్యాయుల గొంతు నొక్కుతుంది. అయినా ఆధారం అడగడం, రాసినవారెవరో చూడటం, ఎదురువాదాన్ని విని జవాబివ్వడం అనే మూడు అలవాట్లను హైస్కూలు దశలోనే నేర్పే పాఠ్యాంశాలు అరుదు. ఫోన్‌లోకి వచ్చే ప్రతి వార్తనూ తూచవలసిన కాలంలో ఈ అలవాట్లు ఏ ఉద్యోగానికైనా, ఏ పౌరుడికైనా అవసరం. పిల్లలు ఈ తరగతిలో ఉన్న తల్లిదండ్రులు ఎన్ని మార్కులు వచ్చాయని అడగడంతోపాటు ఈ వారం ఏ పత్రం చదివారు, దాన్ని నమ్మారా, ఎందుకు నమ్మారు అని కూడా అడగాలి. ఆ సంభాషణ ఇంట్లో తెలుగులోనే జరగవచ్చు. దానివల్ల పిల్లల చరిత్ర వ్యాసం కూడా బాగుపడుతుంది.